పది నిమిషాల విరామంలో తినగలిగేది పెడదాం

సంపాదకులకు నమస్కారం.

మూడు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో, ఓవెన్ లేకుండా ఇంట్లోనే చేసుకునే స్నాక్ బార్ల గురించి ఒక పేజీ వేశారు. పిల్లల డబ్బాలో చిప్స్ ప్యాకెట్లకు బదులు పెట్టవచ్చని రాశారు. మా ఆవిడ ఆ పేజీ కత్తిరించి వంటింటి గోడకు అంటించింది. ఉద్దేశం చాలా మంచిది. కానీ అందులో చెప్పిన బాదం వెన్న, మేపుల్ సిరప్, డార్క్ చాక్లెట్ ముక్కలు మా వీధి కిరాణా కొట్లలో దొరకవు. పెద్ద దుకాణాలకు వెళ్ళి తెచ్చినా, నెలనెలా కొనగలిగే ధరలు కావు. ఆ పేజీ చదివి 'ఇది మనవల్ల కాదు' అని పక్కన పెట్టిన తల్లులు ఉంటారు. వాళ్ళ కోసమే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, మన్నించి పూర్తిగా చదవండి.

నేను స్కూలు వ్యాను నడుపుతాను. పన్నెండేళ్ళుగా ఇదే పని. పొద్దున ఆరూ యాభైకి నాచారంలో మొదటి పాపను ఎక్కించుకుని, హబ్సిగూడ, తార్నాక మీదుగా విద్యానగర్ దాకా పద్నాలుగు మంది పిల్లలను బడికి చేరుస్తాను. సాయంత్రం మళ్ళీ అదే దారిలో ఇళ్ళ దగ్గర దింపుతాను. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఒక మిఠాయి దుకాణం వంటశాలలో పనిచేశాను. పప్పు వేయించడం, పాకం పట్టడం, పళ్ళెంలో పరిచి ముక్కలు కోయడం అక్కడే నేర్చుకున్నాను. ఈ రెండు పనులూ చేసినవాణ్ణి కాబట్టి పిల్లల డబ్బాల గురించి నాలుగు మాటలు చెప్పగలననే నమ్మకంతో రాస్తున్నాను.

చివరి పిల్లవాణ్ణి దింపాక ప్రతి సాయంత్రం వ్యాను ఊడుస్తాను. సీట్ల కింద చిప్స్ ప్యాకెట్లు, క్రీమ్ బిస్కెట్ల కాగితాలు, చాక్లెట్ పూసిన బార్ల రేపర్లు. ఒకసారి జూన్‌లో బడులు తెరిచిన రెండో వారం, ఆ కాగితాలన్నీ పారేయకుండా ఒక బియ్యం సంచిలో వేస్తూ వచ్చాను. శనివారం కుమ్మరించి లెక్కపెడితే అరవై ఒక్కటి. పద్నాలుగు మంది పిల్లలు, ఆరు రోజులు. ఆ కాగితాలతో పాటు సీట్ల కింద ఇంకొకటి కూడా దొరుకుతుంది. ఎండి వంకర్లు తిరిగిన దోశ, సగం కొరికిన చపాతీ చుట్ట, నల్లబడిన ఆపిల్ ముక్కలు. ఎవరో ఒక తల్లి ఐదు గంటలకు లేచి చేసి పెట్టినవి. అవి ఎత్తి పారేసేటప్పుడు నా చెయ్యి వెనక్కి లాగుతుంది.

పిల్లలకు ప్యాకెట్ల రుచి మరిగింది, ఇంటి తిండి ఎక్కడం లేదని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఒకరోజు రెండో తరగతి పాప దిగేముందు తన డబ్బా నా చేతికి ఇచ్చి, "అంకుల్, ఇది మీరు తినేయండి, అమ్మకు చెప్పకండి" అంది. మూత తీసి చూస్తే క్యారెట్, బఠాణీ వేసిన ఉప్మా. చెంచా కూడా కదలలేదు. "బాగాలేదా అమ్మా?" అని అడిగాను. "బాగుంది అంకుల్. బెల్ కొట్టేశారు" అంది.

ఆ మాటతో నాకు ఆలోచన మొదలైంది. తరువాత నాలుగైదు రోజులు వ్యానులో ఒక్కొక్కరినీ అడిగాను. చిన్న విరామం పది నిమిషాలు. అందులోనే బాత్రూము ముందు వరుసలో నిలబడాలి, సీసాలో నీళ్ళు పట్టుకోవాలి. బిగిసిన మూత తీయడానికి ఒకటో తరగతి పిల్లలకు బలం చాలదు, టీచర్ కోసం ఎదురుచూడాలి. ఉప్మాకు చెంచా కావాలి, అది కింద పడితే మళ్ళీ కడుక్కోవడానికి పరుగు. నెయ్యి దోశ తింటే వేళ్ళు జిడ్డు, ఆ వేళ్ళతో నోటుపుస్తకం పట్టుకుంటే మరక, మరక పడితే మాట పడాలి. అదే ప్యాకెట్ అయితే ఒక చేత్తో చింపి, పక్కవాడితో మాట్లాడుతూ నాలుగు నిమిషాల్లో ఖాళీ చేస్తారు. ఇంటి తిండి మీద వాళ్ళకు అయిష్టం ఏమీ లేదు. ఆ పది నిమిషాల్లో, ఆ చిన్న చేతులతో తినే వీలు లేదు, అంతే.

కాబట్టి డబ్బాలో ఏమి పెట్టాలని ఆలోచించేటప్పుడు పోషకాలతో పాటు పిల్లల చెయ్యి, పళ్ళు, గడియారం కూడా చూడాలి. ఇది నాకు మా ఇంట్లోనే అర్థమైంది.

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉన్నప్పుడు తన డబ్బాలోకి పల్లీపట్టి చేశాను. దుకాణంలో చేసినట్టే ముదురు పాకం, అద్దంలా మెరిసే పట్టి. నా చేతి పని మీద నాకు నమ్మకం ఎక్కువ. సాయంత్రం డబ్బా తెరిచి చూస్తే పట్టి అలాగే ఉంది. ఒక మూల మీద మాత్రం రెండు చిన్న గీతలు. దగ్గరగా పట్టుకుని చూశాను, పంటి గీతలు. ముందు పళ్ళు రెండూ కదులుతున్నాయి, కొరకబోయి నొప్పితో వదిలేసింది. ఆరు, ఏడేళ్ళ వయసులో పాలపళ్ళు ఊడుతాయని తెలియనివాణ్ణి కాదు. కానీ మనం అన్నిటికన్నా మేలైనదిగా భావించే పట్టిని సరిగ్గా ఆ వయసు పిల్లలే కొరకలేరన్నది నాకు తట్టలేదు. తరువాత లడ్డూలు పెట్టాను. అవి కొరికితే పొడిపొడిగా రాలి యూనిఫాం నిండా పడ్డాయి. సున్నుండ అంగిలికి అంటుకుని గొంతు పట్టేసిందని చెప్పింది.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మాది జనగామ దగ్గర ఊరు. అమ్మ నువ్వులు వేయించి, బెల్లంతో కలిపి రోట్లో దంచేది. పాకం లేదు, కొలత లేదు. దంచగా దంచగా నువ్వుల్లోంచి నూనె బయటికి వచ్చి, ఆ నూనెకు బెల్లం మెత్తబడి రెండూ ముద్ద కట్టేవి. ఆ ముద్దను లాగు జేబులో పెట్టుకుని బడికి పోయేవాణ్ణి. పంట్లం బట్టకు నూనె మరక అయ్యేది కానీ ముద్ద మాత్రం విడిపోయేది కాదు. సద్దుల బతుకమ్మ నాడు చేసే మలీద కూడా అంతే. రొట్టెను నలిపి, బెల్లం, నెయ్యి వేసి పిసికి ముద్దలు చేస్తారు. పొయ్యి మీద మళ్ళీ పెట్టేది లేదు. మీ పేజీలో చెప్పిన 'ఓవెన్ లేని బార్' మన ఇళ్ళలో ముద్ద రూపంలో ఎప్పటినుంచో ఉంది. నేను చేసిందల్లా ఆ ముద్దను పరిచి, పిల్లల చేతికి సరిపడా ముక్కలు కోయడం.

బాగా కుదరడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. చేసిన పొరపాట్లు కూడా రాస్తాను, మొదటిసారి చేసేవాళ్ళకు పనికొస్తాయి.

పదహారు ముక్కలకు కొలత ఇది: గింజలు తీశాక మెత్తటి ఖర్జూరం 200 గ్రాములు, పల్లీలు 100, నువ్వులు 50, పలుచటి అటుకులు 50, పుట్నాలు 25, రెండు చెంచాల నెయ్యి, నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు. ఉప్పు మానకండి, అది ఉంటేనే పల్లీ రుచి తెలుస్తుంది. నెలకోసారి బేగంబజారు వెళ్ళినప్పుడు ఖర్జూరం, నువ్వులు ఒకేసారి తెచ్చుకుంటాను. ఒక విడతకు నాకు వంద రూపాయల లోపే అవుతోంది, అంటే ముక్కకు ఆరు రూపాయలు.

పల్లీలను సన్న మంట మీద ఓపికగా వేయించాలి. దుకాణంలో మా ఉస్తాద్ ఎప్పుడూ ఒక పల్లీని తీసి రెండు బద్దలుగా విరిచి లోపలి రంగు చూసేవాడు. పై పొట్టు మాడినా లోపల తెల్లగా ఉంటే పచ్చి వాసన పోలేదని అర్థం. బద్ద లోపల కూడా లేత బంగారు రంగు రావాలి. చల్లారాక అరచేతుల మధ్య నలిపి, చేటలో చెరిగి పొట్టు తీసేయండి. సగం పల్లీలను కచ్చాపచ్చాగా దంచండి. మిగతా సగాన్ని మిక్సీలో వేసి, తిప్పుతూ ఆపుతూ, నూనె తేలి వెన్నలా అయ్యేదాకా రుబ్బండి. మొదట పొడి అవుతుంది, తరువాత గిన్నె గోడలకు అంటుకుంటుంది, ఇక కాదేమో అనిపించిన దగ్గర ఒక్కసారిగా మెత్తబడుతుంది. మీరు రాసిన బాదం వెన్న చేసే పనిని ఈ పల్లీ వెన్న చేస్తుంది, ముక్కను అంటిపెట్టి ఉంచుతుంది.

నువ్వులు చిటపటలాడి ఎగరడం మొదలుపెట్టగానే వెంటనే పళ్ళెంలోకి తీయాలి. కడాయిలోనే వదిలేస్తే ఆ వేడికి ఇంకా వేగి చేదెక్కుతాయి. అటుకులకు నూనె వద్దు, ఉత్త కడాయిలో కదుపుతూ ఉండండి. ఒక అటుకు తీసి వేళ్ళ మధ్య నొక్కితే పొడి కావాలి. వంగితే ఇంకా కాలేదన్నమాట. పుట్నాలు వేయించినవే కదా, యాలకులతో కలిపి పొడి చేస్తే చాలు.

ఇక ఖర్జూరం. మొదటి ఆదివారం దాన్ని నీళ్ళలో నానబెట్టాను. మెత్తగా బాగానే వచ్చింది కానీ మూడోరోజుకు ముక్కలు పులిసిన వాసన వేశాయి. నీటి తడి తగలకూడదు. ఇప్పుడు ఒక గిన్నెలో వేసి మూతపెట్టి, ఇడ్లీ పాత్రలో ఐదు నిమిషాలు ఆవిరి పడతాను. అన్నం వండే రోజైతే వార్చిన అన్నం మీదే గిన్నె పెట్టి మూత వేస్తాను. మెత్తబడ్డ ఖర్జూరాన్ని నెయ్యి వేసిన కడాయిలో, సన్న మంట మీద, గరిటె వెనుక వైపుతో నలుపుతూ తిప్పాలి. మూడు నాలుగు నిమిషాల్లో అంతా ఒకే ముద్దగా మారి కడాయి అంచులు వదులుతుంది. అప్పుడు పల్లీ వెన్న వేసి కలిపి పొయ్యి ఆపేయాలి.

రెండో ఆదివారం చేసిన తప్పు ఇక్కడే. వేడి ముద్దలోనే అటుకులు పోశాను. ఆవిరికి అవి తోలులా సాగాయి. కాబట్టి ముద్ద చెయ్యి పట్టే వేడికి వచ్చేదాకా ఆగండి. ముందు పల్లీలు, నువ్వులు, పుట్నాల పొడి వేసి, అటుకులు అన్నిటికన్నా చివర కలపండి. చేతులకు నెయ్యి రాసుకుని చపాతీ పిండి పిసికినట్టు పిసకాలి. నెయ్యి రాసిన స్టీలు పళ్ళెంలో వేలెడు మందాన పరిచి, అడుగు చదునుగా ఉన్న గ్లాసుతో నొక్కండి. మూడో ఆదివారం ఈ నొక్కడం తేలిగ్గా తీసుకున్నాను. ముక్కలన్నీ వ్యాను కుదుపులకే విరిగి మా అమ్మాయి డబ్బాలో పొడిగా మిగిలాయి. గ్లాసు మీద రెండు చేతుల బరువూ వేసి, అంచుల నుంచి మధ్యకు, మధ్య నుంచి అంచులకు రెండుసార్లు నొక్కాలి. పై భాగం నూనెతో కాస్త మెరుపు తేలితే సరిగ్గా నొక్కినట్టు. మూతపెట్టి రెండు గంటలు వదిలేసి, నాలుగు నిలువు, నాలుగు అడ్డం ముక్కలు కోయండి. ఒక్కోటి 27 గ్రాముల దాకా ఉంటుంది, పెద్దవాళ్ళ వేళ్ళు రెండు పక్కపక్కన పెట్టినంత. మా అమ్మాయి దాన్ని నాలుగు కొరుకుల్లో తింటుంది.

ఆదివారం రాత్రి మొత్తం పని నలభై నిమిషాలు. నువ్వులు ఎగిరేటప్పుడు చూడడం, గ్లాసుతో నొక్కడం మా అమ్మాయికి ఇష్టమైన పనులు. తాను నొక్కిన ముక్కను తినకుండా వెనక్కి తెచ్చిన రోజు ఇప్పటిదాకా లేదు. స్టీలు డబ్బాలో ఐదారు రోజులు బాగుంటాయి. వానాకాలంలో గాలి తడికి అటుకులు మెత్తబడతాయి కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున డబ్బాలోకి తీస్తే సరి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒంటిపూట బడులప్పుడు వ్యానులో వేడి ఎంత ఉంటుందో నాకు తెలుసు. చాక్లెట్ పూసిన బార్లు కరిగి రేపర్‌లోంచి కారుతాయి. ఇవి కొంచెం మెత్తబడతాయి కానీ కరగవు.

ఖర్జూరం ఇష్టపడని పిల్లలకు రాగి, బెల్లం ముక్కలు చేయవచ్చు. వంద గ్రాముల రాగిపిండిని మూడు చెంచాల నెయ్యిలో పచ్చి వాసన పూర్తిగా పోయి కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. ఇందులో తొందర పనికిరాదు. నూరు గ్రాముల బెల్లం కొద్ది నీళ్ళలో కరిగించి, వడకట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. చల్లటి నీళ్ళలో ఒక చుక్క వేస్తే వేళ్ళ మధ్య మెత్తటి ఉండ కట్టాలి. గిన్నెకు తగిలి ఠంగుమంటే అది పల్లీపట్టి పాకం, పిల్లల పళ్ళకు మళ్ళీ అదే కష్టం. పొయ్యి ఆపి రాగిపిండి, నాలుగు చెంచాల పల్లీ వెన్న, గుప్పెడు నువ్వులు వేసి కలిపి, ఇది మాత్రం వేడిగా ఉండగానే పరచాలి.

ఇందులో ఏముందని అడిగేవాళ్ళకు కూడా నా దగ్గర సమాధానం ఉంది. మా దారిలోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మన దేశంలో తినే పదార్థాల్లో ఏది ఎంత ఉందో లెక్కగట్టి 2017లో పట్టికలు అచ్చువేసింది ఆ సంస్థే. రాగుల్లో వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల అటూఇటూ కాల్షియం ఉంటుంది. నువ్వుల్లో అంతకు రెండింతలకు పైనే. పల్లీల బరువులో దాదాపు నాలుగో వంతు ప్రోటీన్. ఎదిగే పిల్లలకు కావలసినవి ఇవే కదా. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ కూడా మన నగరంలోనే ఉంది. ఇంత పెద్ద సంస్థలు మన పక్కన ఉండగా పిల్లల డబ్బాలో ఎక్కడివో పదార్థాలు లేకపోతే పోషణ లేదన్నట్టు మనం బెంగపడనక్కరలేదు.

అయితే ఒక విషయం దాచకూడదు. ఇంట్లో చేసిందని, బెల్లమని, ఖర్జూరమని తీపి తీపి కాకుండా పోదు. ఖర్జూరంలో మూడింట రెండు వంతులు తీపే. నా ముక్క ఒక్కదానిలో రెండు చెంచాలకు తక్కువ కాకుండా తీపి ఉంటుంది. బెల్లాన్ని చక్కెర లెక్కలోనే చూడాలి. పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, పైనుంచి కలిపే చక్కెరను పెద్దవాళ్ళే రోజుకు 25 గ్రాములకు తగ్గించుకోవడం మంచిదని చెప్పింది. కాబట్టి రోజుకు ఒక ముక్క. రెండు అడిగితే రెండోదానికి బదులు జామకాయో అరటిపండో ఇవ్వండి. మిఠాయి దుకాణంలో పనిచేసినవాణ్ణి, తీపిని ఎంత వేస్తే ఎంత అమ్ముడవుతుందో చూసినవాణ్ణి. ఆ అలవాటును పిల్లల నాలుకకు మనమే నేర్పకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

బయట కొనే బార్ల సంగతికి వస్తే, ఊడ్చిన కాగితాల వెనుక అచ్చు చదవడం నాకు అలవాటైంది. పదార్థాల పట్టీలో ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాయాలన్నది నిబంధన. ముందువైపు గింజలు, తేనె బొమ్మ ఉన్న ఒక రేపర్ వెనుక మొదటి నాలుగు పేర్లలో మూడు తీపి పేర్లే: చక్కెర, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్. పేర్లు వేరైనా నోట్లో పడేది ఒకటే. అలా మూడుగా విడగొట్టి రాస్తే తల్లిదండ్రులకు చక్కెర ఎంత ఉందో ఒక చూపులో తెలియదు. సీబీఎస్ఈ 2025 మే నెలలో తన బడులన్నిటిలో చక్కెర బోర్డులు పెట్టమని చెప్పింది. ఏ పానీయంలో, ఏ చిరుతిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనబడేలా రాయాలని. మా వ్యాను పిల్లల బడిలో ఆ బోర్డు పెట్టారు. ఐదో తరగతి పిల్లవాడు ఒకడు దాన్ని చూసి వచ్చి, వ్యానులో అందరి ప్యాకెట్లూ తీసుకుని చెంచాల లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. ఆ వారం వ్యానులో వేరే మాటే లేదు.

బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండి అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధనలు తెచ్చింది. సాయంత్రం గేటు ముందు వ్యాను ఆపుకుని కూర్చుంటే ఆ నిబంధన ఎక్కడ అమలవుతోందో నాకైతే కనిపించదు. అధికారులు ఒక్కసారి మూడున్నర గంటలకు వచ్చి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మా వ్యానులో ఒక బాబుకు పల్లీ పడదు. తింటే పెదాలు వాస్తాయి, ఒళ్ళంతా దద్దుర్లు. వాళ్ళమ్మ మొదటిరోజే చెప్పి, కాగితం మీద రాసి ఇచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా సీటు ముందు అంటించి ఉంది. అందుకే నేను చేసిన ముక్కలను ఎన్నడూ నేరుగా పిల్లల చేతికి ఇవ్వలేదు. రుచి చూడమని తల్లిదండ్రులకు ఇచ్చాను, నచ్చితే ఎలా చేయాలో చెప్పాను. మీరు కూడా మీ పిల్లలకు తమ డబ్బాలోది ఇతరులకు పంచేముందు అడగమని నేర్పండి. పల్లీ, నువ్వులు కొందరు పిల్లలకు ప్రమాదం. ఆ బాబు కోసం వాళ్ళమ్మ వైద్యుడిని అడిగి, పల్లీ బదులు గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు వేసి చేస్తోంది. వాటిని కూడా వేయించి సగం రుబ్బితే అంతే బాగా అంటుకుంటుంది. నర్సరీ పిల్లలకైతే పల్లీని పలుకులుగా వేయనే వద్దు, గొంతులో అడ్డుపడుతుంది. వాళ్ళకు అంతా మెత్తగా రుబ్బి, ముక్కను ఇంకా చిన్నగా కోసి, మన కళ్ళ ముందే తినిపించాలి.

ఇప్పుడు మా వ్యానులో ఏడు ఇళ్ళలో ఇవి చేస్తున్నారు. వారిలో ఇద్దరు తల్లులు పొద్దున ఏడున్నరకే ఉద్యోగాలకు బయలుదేరేవాళ్ళు. ఒక ఇంట్లో తండ్రి చేస్తాడు. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసి, "అన్నా, ఖర్జూరం అంచులు వదిలింది, ఇప్పుడు ఏం వేయాలి?" అని అడిగాడు మొదటిసారి. పోయిన జనవరిలో మళ్ళీ ఒక వారం రేపర్లు సంచిలో వేసి లెక్కపెట్టాను. ఇరవై ఆరు వచ్చాయి. ఆ మిగతా ఇరవై ఆరింటి గురించి కూడా నాకు బాధే కానీ, అరవై ఒకటి ఎత్తి పారేసిన చేతికి ఈ తేడా తెలుస్తుంది.

బడుల యాజమాన్యాలను ఒకటే అడుగుతున్నాను. చిన్న విరామాన్ని పదిహేను నిమిషాలు చేయండి. అదీ కుదరకపోతే ఒకటి, రెండు తరగతుల పిల్లలకైనా ఐదు నిమిషాల ముందు బెల్ కొట్టండి. మూత తీయలేని పిల్లల డబ్బాలు తెరిచి ఇవ్వడానికి ఆయమ్మను ఒకరిని తరగతికి పంపండి. ఖర్చు లేని పని ఇది. దానివల్ల ఆ రోజు ఎన్నో డబ్బాలు ఖాళీగా ఇంటికి వెళ్తాయి.

మీకు కూడా ఒక విన్నపం. మరోసారి పిల్లల తిండి మీద పేజీ వేసేటప్పుడు కొలతలు గ్రాముల్లోనూ, టీ గ్లాసుల్లోనూ ఇవ్వండి. మా పక్కింటావిడ దగ్గర తూకం లేదు. ఆమె 'కప్పు' అంటే ఏ కప్పో తెలియక రెండుసార్లు పాడుచేసుకుంది. పక్కన ఎంత ఖర్చవుతుందో, ఎన్ని రోజులు నిలవ ఉంటుందో, ఏ వయసు పిల్లలు కొరకగలరో కూడా అచ్చువేస్తే, గోడకు అంటించిన కాగితం చూసి చేసేవాళ్ళకు ఇంకేమీ అడగవలసిన పని ఉండదు. ఈ ఉత్తరంలో చోటు చాలకపోతే నా గురించి రాసినవన్నీ తీసేయండి, కొలతలు మాత్రం ఉంచండి.

— ఒక స్కూలు వ్యాను డ్రైవరు,
నాచారం, హైదరాబాద్